భర్త పాత బకాయికి భార్య రిఫండ్ ఎందుకు పోతుంది, తిరిగి ఎలా తెచ్చుకోవాలి

జాయింట్‌గా టాక్స్ రిటర్న్ వేసిన భార్యాభర్తల్లో ఒకరికి పాత పెళ్లి తాలూకు చైల్డ్ సపోర్ట్ (పిల్లల పోషణకు కోర్టు కట్టమన్న డబ్బు) బకాయి ఉంటే, అమెరికా ప్రభుత్వం ఆ రిఫండ్‌లో సగం పట్టుకుని సగం ఇవ్వదు. బకాయి తీరడానికి ఎంత కావాలో అంతా, అవసరమైతే ఆఖరి డాలరు దాకా పట్టుకుంటుంది. ఆ డబ్బులో రెండో మనిషి జీతంలోంచి కోసిన టాక్సు కూడా ఉందా, ఆ బకాయితో ఆ మనిషికి ఏమైనా సంబంధం ఉందా అని ముందుగా ఎవరూ చూడరు. ఆ రెండో మనిషి వాటా వెనక్కి ఇచ్చే దారి చట్టంలోనే ఉంది, కానీ అది అడిగినవాళ్లకే. అడగాలని తెలియకపోతే ఏటా పోతూనే ఉంటుంది.

ఇది అమెరికా చట్టం సంగతే అయినా తెలుగువాళ్లకు దూరపు విషయం కాదు. అక్కడ ఉద్యోగం చేస్తూ అక్కడి కోర్టులోనే విడాకులు తీసుకుని, ఆ తర్వాత ఇండియా వచ్చి రెండో పెళ్లి చేసుకుని భార్యను హెచ్4 (డిపెండెంట్) వీసా మీద తీసుకెళ్లినవాళ్లు ఉన్నారు. సంబంధం మాట్లాడేటప్పుడు జీతం ఎంత, వీసా ఏంటి, గ్రీన్ కార్డు ఎక్కడిదాకా వచ్చింది, అన్నీ అడుగుతారు. మొదటి పెళ్లిలో పుట్టిన పాపకు నెలకు ఎంత కట్టమని కోర్టు చెప్పింది, అది సరిగ్గా కడుతున్నాడా అని మాత్రం అడగరు. అడిగినా "అదంతా సెటిల్ అయిపోయిందండీ" అంటే అక్కడితో ఊరుకుంటారు. తర్వాత ఆమెకు పని చేసుకునే అనుమతి వచ్చి, ఉద్యోగం దొరికి, ఇద్దరి జీతాలతో మొదటి జాయింట్ రిటర్న్ వేశాక అసలు సంగతి ట్రెజరీ ఉత్తరంలో తెలుస్తుంది. బకాయి భార్య వైపు ఉండే సందర్భాలూ ఉంటాయి, నియమాలు ఇద్దరికీ ఒకటే. ఇక్కడ మాత్రం సౌకర్యం కోసం బకాయి భర్తది అనుకుందాం.

రిఫండ్ ఎక్కడ ఆగుతుంది

చైల్డ్ సపోర్ట్ వసూలు చేసే పని రాష్ట్రాలది. ప్రతి రాష్ట్రంలో దానికో ఏజెన్సీ ఉంటుంది, టెక్సస్‌లో అయితే అటార్నీ జనరల్ ఆఫీసే ఆ పని చూస్తుంది. పిల్లను పెంచుతున్న తల్లి లేదా తండ్రి ఆ ఏజెన్సీలో కేసు పెట్టి ఉంటే, కట్టాల్సినవాళ్లు కట్టని మొత్తం అక్కడ పేరుకుంటూ వస్తుంది. ఆ కుటుంబం ప్రభుత్వ నగదు సాయం తీసుకుంటూ ఉంటే 150 డాలర్లు, లేకపోతే 500 డాలర్లు బకాయి పడితే చాలు, రాష్ట్రం ఆ పేరును ఫెడరల్ ప్రభుత్వానికి పంపొచ్చు. అది ట్రెజరీ శాఖలోని బ్యూరో ఆఫ్ ది ఫిస్కల్ సర్వీస్ దగ్గరున్న జాబితాలో చేరుతుంది. ఈ ఏర్పాటు పేరే ట్రెజరీ ఆఫ్‌సెట్ ప్రోగ్రామ్. ఐఆర్‌ఎస్ (అమెరికా ఆదాయపు పన్ను శాఖ) రిటర్న్ చూసి రిఫండ్ ఇంత అని తేల్చి చెల్లింపుకు పంపాక, ఆ చెల్లింపు మీదున్న పేరు, సోషల్ సెక్యూరిటీ నంబరు ఆ జాబితాతో సరిచూస్తారు. కలిస్తే డబ్బు బ్యాంకుకు వెళ్లదు, రాష్ట్ర ఏజెన్సీకి వెళ్తుంది.

"రిటర్న్‌లో నా పేరు ముందు పెడితే సరి, రిఫండ్ నా ఒక్కదాని ఖాతాలో వేయమంటే సరి" అనుకోవడం ఏమాత్రం పనికిరాదు. జాయింట్ రిటర్న్‌లో రెండు నంబర్లూ ఉంటాయి, మొదటిదైనా రెండోదైనా జాబితాతో కలిస్తే పట్టుకుంటారు. ఖాతా ఎవరి పేరు మీద ఉందన్నది ఆ దశలో లెక్కలోకే రాదు.

ఈ పద్ధతి 1981లో వచ్చిన చట్టంతో మొదలైంది. మొదట్లో నగదు సాయం మీద బతుకుతున్న కుటుంబాల బకాయిలకే ఇది వర్తించేది. 1984లో మిగతా కుటుంబాలకూ విస్తరించారు. 2007 అక్టోబర్ 1 నుంచి పిల్లలు పెద్దవాళ్లయిపోయిన కేసులకు కూడా వాడుతున్నారు కాబట్టి, "అబ్బాయికి పద్దెనిమిది నిండాయిగా, ఇంకేం అడుగుతారు" అన్న మాట ఇప్పుడు చెల్లదు. నెలనెలా కట్టాల్సింది ఆగిపోవచ్చు గానీ, అప్పటిదాకా పడిన బకాయి పోదు, పైగా కొన్ని రాష్ట్రాల్లో దానికి వడ్డీ కూడా ఎక్కుతుంది. టెక్సస్‌లో ఏడాదికి 6 శాతం, కాలిఫోర్నియాలో 10 శాతం.

ఇంకో అపోహ కూడా చాలామందిలో ఉంటుంది. బకాయికి వాయిదాలు ఒప్పుకున్నాం, కంపెనీ వాళ్లు జీతంలోంచే నెలనెలా కోస్తున్నారు, అంతా సవ్యంగా నడుస్తోంది, ఇక రిఫండ్ ముట్టుకోరు అనుకుంటారు. ముట్టుకుంటారు. వాయిదాలు సక్రమంగా కడుతున్నా సరే, బకాయి సున్నా కానంతవరకూ జాబితాలో పేరు ఉండొచ్చు, రిఫండ్ వచ్చిన ఏడాది దాన్నీ పట్టుకోవచ్చు. ఒకవేళ ఆ మనిషికి ఐఆర్‌ఎస్‌కే పాత టాక్స్ బాకీ ఉంటే ముందు అది పోతుంది, ఆ తర్వాత చైల్డ్ సపోర్ట్, ఆ తర్వాతే స్టూడెంట్ లోన్ లాంటి ఇతర ఫెడరల్ బాకీలు.

అన్నిటికంటే అన్యాయంగా అనిపించేది నోటీసు సంగతి. పేరు జాబితాలోకి ఎక్కించేముందు నోటీసు వస్తుంది, నిజమే. మీ మీద ఇంత బకాయి ఉంది, తప్పయితే ఫలానా గడువులోగా చెప్పండి అని అందులో ఉంటుంది. కానీ అది బకాయి ఉన్న మనిషికే వెళ్తుంది, ఏజెన్సీ దగ్గరున్న చిరునామాకే వెళ్తుంది. ఇల్లు మారినప్పుడల్లా ఏజెన్సీకి చెప్పనివాళ్ల ఉత్తరం పాత అపార్ట్‌మెంట్‌కే పోతుంది. కొత్తగా పెళ్లయి వచ్చిన భార్యకు ముందుగా ఏ కబురూ రాదు. ఆమెకు మొదటిసారి తెలిసేది డబ్బు పోయాకే: అసలు రిఫండ్ ఎంత, అందులో ఎంత పట్టుకున్నారు, ఏ ఏజెన్సీకి పంపారు అని చెప్పే ఫిస్కల్ సర్వీస్ ఉత్తరంతో. ఆ ఉత్తరం పారేయకూడదు. ఇక మీదట ఎవరితో ఏం మాట్లాడాలన్నా దాంతోనే పని. బకాయి మొత్తం తప్పని గొడవ ఉంటే ఐఆర్‌ఎస్‌కు ఫోన్ చేసి లాభం లేదు, వాళ్లు ఆ లెక్క చూడరు, రాష్ట్ర ఏజెన్సీతోనే తేల్చుకోవాలి. భార్య వాటా వెనక్కి కావాలంటే మాత్రం ఐఆర్‌ఎస్‌నే అడగాలి. ఈ రెండూ కలిపేసుకుని తప్పు ఆఫీసు చుట్టూ తిరిగితే నెలలు గడిచిపోతాయి.

ఫారం 8379

భార్య వాటా అడగడానికి ఉన్న కాగితం ఫారం 8379. దీన్ని ఇంజూర్డ్ స్పౌజ్ అలొకేషన్ అంటారు. ఇన్నోసెంట్ స్పౌజ్ అని ఇంకోటుంది, అది ఫారం 8857, భర్త ఆదాయం దాచి తప్పుడు రిటర్న్ వేసినందుకు ఇద్దరి మీదా పడిన టాక్సు నుంచి బయటపడటానికి. చైల్డ్ సపోర్ట్‌తో దానికి పని లేదు. పేర్లు దగ్గరగా ఉండటంతో ఒకదాని బదులు ఇంకొకటి నింపి పంపితే టైమ్ వృథా తప్ప మరేం జరగదు.

8379 వేయాలంటే కావాల్సినవి మూడు. రిటర్న్ జాయింట్‌గా వేసి ఉండాలి. ఆ బకాయి కట్టాల్సిన బాధ్యత ఆమెది కాకూడదు. ఆమె జీతంలోంచి టాక్సు కోసి ఉండాలి, లేదా ఆమె ఎస్టిమేటెడ్ టాక్స్ (ఏడాది మధ్యలో సొంతంగా ముందే కట్టే టాక్సు) కట్టి ఉండాలి, లేదా టాక్సు లేకపోయినా రిఫండ్‌గా చేతికొచ్చే క్రెడిట్ (రాయితీ) ఏదైనా ఉండాలి. కమ్యూనిటీ ప్రాపర్టీ (దంపతుల ఉమ్మడి ఆస్తి చట్టం ఉన్న) రాష్ట్రాల్లో ఈ మూడో షరతు వేరేగా నడుస్తుంది, దాని సంగతి తర్వాత.

ఈ మూడో షరతు దగ్గరే మన హెచ్4 కుటుంబాల్లో చాలామందికి ఆశ తీరదు. భార్యకు ఉద్యోగం లేదు, ఇంట్లోనే ఉంటుంది, ఆదాయమంతా భర్తది, కోసిన టాక్సు అంతా భర్త జీతంలోదే అయితే, మామూలు రాష్ట్రాల్లో ఆ రిఫండ్‌లో ఆమె వాటా అంటూ దాదాపు ఏమీ ఉండదు. జాయింట్‌గా సంతకం చేసినంత మాత్రాన రిఫండ్‌లో సగం ఆమెది అయిపోదు. ఎవరి డబ్బు అవసరానికి మించి కట్టారో వాళ్లకే తిరిగి వస్తుందన్నదే ఇక్కడి లెక్క.

ఇద్దరికీ జీతాలున్నప్పుడు ఆ లెక్క ఎలా తేలుస్తారో అంకెలతో చూస్తే బాగా అర్థమవుతుంది. న్యూజెర్సీలో ఉండే ఒక జంట అనుకుందాం, పిల్లలు లేరు, 2024 సంవత్సరపు రిటర్న్. భార్య జీతం 70,000 డాలర్లు, అందులో కోసిన ఫెడరల్ టాక్సు 9,000. భర్త జీతం 50,000, కోసింది 5,000. ఇద్దరి ఆదాయం 1,20,000లోంచి ఆ ఏడాది జాయింట్ స్టాండర్డ్ డిడక్షన్ (ఆదాయంలో టాక్సు లేకుండా వదిలే మొత్తం) 29,200 తీసేస్తే 90,800 మీద టాక్సు సుమారు 10,430 వస్తుంది. కోసింది మొత్తం 14,000 కాబట్టి సుమారు 3,570 డాలర్లు రిఫండ్. భర్తకు 4,000 డాలర్ల చైల్డ్ సపోర్ట్ బకాయి ఉంది. ఏ ఫారమూ వేయకపోతే 3,570 మొత్తం పోతుంది, పైగా ఇంకా 430 బాకీ మిగులుతుంది.

8379 వేస్తే ఐఆర్‌ఎస్ ఏం చేస్తుందంటే, ఇద్దరూ విడివిడిగా రిటర్న్ వేసి ఉంటే ఒక్కొక్కరికి ఎంత టాక్సు వచ్చేదో ముందు చూస్తుంది. స్టాండర్డ్ డిడక్షన్ చెరి సగం. అలా చూస్తే భార్యకు సుమారు 7,240, భర్తకు సుమారు 4,020 వస్తుంది, అంటే 64కి 36 నిష్పత్తి. జాయింట్ టాక్సు 10,430ని అదే నిష్పత్తిలో పంచితే భార్య వాటా సుమారు 6,710, భర్తది 3,720. భార్య జీతంలోంచి కోసింది 9,000 కాబట్టి ఆమెకు రావాల్సింది సుమారు 2,290 డాలర్లు, భర్తకు 1,280. బకాయికి ఆ 1,280 మాత్రమే వెళ్లాలి. ఒక ఫారం వేయడానికీ వేయకపోవడానికీ మధ్య ఈ ఇంట్లో 2,290 డాలర్ల తేడా ఉంది. ఇంటి అద్దెలోనో క్రెడిట్ కార్డు బిల్లులోనో లెక్క పెట్టుకున్న డబ్బు అది.

ఫారంలో ఈ లెక్కంతా మనం చేయనక్కర్లేదు. మూడు గడులుంటాయి: జాయింట్ రిటర్న్‌లో ఉన్న మొత్తం, అందులో తనది, అవతలివాళ్లది. జీతం ఎవరి డబ్ల్యూ-2 (ఏడాది జీతం, కోసిన టాక్సు చూపుతూ కంపెనీ ఇచ్చే కాగితం) వాళ్లది, కోసిన టాక్సు కూడా ఎవరి డబ్ల్యూ-2లో ఉన్నది వాళ్లది. పిల్లల క్రెడిట్లు విడిగా రిటర్న్ వేస్తే ఆ పిల్లను ఎవరు చూపించుకునేవారో వాళ్లకు రాయాలి. ఇద్దరూ కలిపి కట్టిన ఎస్టిమేటెడ్ టాక్స్ ఉంటే ఒప్పందం ప్రకారం ఎలాగైనా పంచుకోవచ్చు, ఒప్పందం కుదరకపోతే విడివిడి టాక్సుల నిష్పత్తిలో పంచుకోవాలి. తక్కువ సంపాదన ఉన్నవాళ్లకిచ్చే ఎర్న్‌డ్ ఇన్‌కమ్ క్రెడిట్ ఆ క్రెడిట్ల వరుసలో రాయకూడదు, దాన్ని ఐఆర్‌ఎస్సే పంచుతుంది. పేర్లు, నంబర్లు జాయింట్ రిటర్న్‌లో ఏ వరుసలో ఉన్నాయో ఇక్కడా అదే వరుసలో ఉండాలి.

ఎప్పుడు పంపాలన్నది ముఖ్యం. బకాయి ఉందని ముందే తెలిస్తే రిటర్న్‌తో పాటే పంపడం మేలు. ఆన్‌లైన్‌లో కలిపి వేస్తే సుమారు 11 వారాలు, కాగితం మీద కలిపి పంపితే సుమారు 14 వారాలు పడుతుందని ఐఆర్‌ఎస్సే చెబుతుంది. కాగితం మీదైతే రిటర్న్ మొదటి పేజీ ఎడమవైపు పైమూల ఇంజూర్డ్ స్పౌజ్ అని ఇంగ్లిష్‌లో రాయాలి. డబ్బు పోయాక తెలిస్తే, జాయింట్ రిటర్న్ పని పూర్తయ్యాక ఫారం ఒక్కటే విడిగా పంపొచ్చు, దానికి సుమారు 8 వారాలు. అప్పుడు ఇద్దరి డబ్ల్యూ-2లు, టాక్సు కోసినట్టు చూపే 1099లు (జీతం కాని ఆదాయానికిచ్చే కాగితాలు) ఏవైనా ఉంటే అవి కూడా జత చేయాలి. ఇలా విడిగా పంపేటప్పుడు భార్య ఒక్కత్తె సంతకం చాలు, భర్త ఒప్పుకోనక్కర్లేదు. ఇంట్లో పరిస్థితులు బాగాలేని ఆడవాళ్లకు ఈ ఒక్క సంగతి తెలిసి ఉండటం చాలా అవసరం.

ఈ ఏడాది వేస్తే వచ్చే ఏడాదికి కూడా సరిపోతుందా అంటే, సరిపోదు. ప్రతి ఏడాదికీ కొత్తగా వేయాలి. టాక్స్ చేసిపెట్టే మనిషి మారినప్పుడు, లేదా ఈసారి సాఫ్ట్‌వేర్‌లో మనమే చేసుకుందాం అనుకున్నప్పుడు సరిగ్గా ఇదే జారిపోతుంది. మరీ అవసరం లేనప్పుడు కూడా వేయడం మంచిది కాదు, ఎందుకంటే బకాయి లేకపోయినా ఫారం ఉన్న పాపానికి రిఫండ్ రెండు మూడు నెలలు ఆలస్యం కావచ్చు. బకాయి ఇంకా జాబితాలో ఉందా లేదా అన్నది ట్రెజరీ ఆఫ్‌సెట్ ప్రోగ్రామ్ వాళ్ల ఆటోమేటెడ్ ఫోన్ లైన్‌లో భర్త తన నంబరు కొట్టి తెలుసుకోవచ్చు. ఆ ఫోన్ రిటర్న్ వేసేముందే చేయడం ఉత్తమం.

టెక్సస్ వేరు, కాలిఫోర్నియా వేరు

అరిజోనా, కాలిఫోర్నియా, ఐడహో, లూయిజియానా, నెవాడా, న్యూ మెక్సికో, టెక్సస్, వాషింగ్టన్, విస్కాన్సిన్ రాష్ట్రాల్లో పెళ్లయ్యాక సంపాదించినది మామూలుగా ఇద్దరి ఉమ్మడి ఆస్తి. తెలుగువాళ్లు ఎక్కువగా ఉండే డాలస్, హ్యూస్టన్, బే ఏరియా, సియాటిల్ ఈ రాష్ట్రాల్లోవే. ఈ తొమ్మిదింటిలో ఐఆర్‌ఎస్ పైన చెప్పిన మామూలు లెక్క వాడదు, ఆ రాష్ట్ర చట్టం ఏం చెబితే దాని ప్రకారం పంచుతుంది. ఏ రాష్ట్రానికి ఎలా అన్నది 2004లో వరుసగా రూలింగులు కూడా ఇచ్చింది. ఫారంలో ఆ ప్రశ్న ఉంటుంది, ఏడాదిలో ఎప్పుడైనా ఈ రాష్ట్రాల్లో ఉన్నారా అని. ఉంటే ఉన్నామని చెప్పాలి.

టెక్సస్ చట్టం భార్య వైపు కాస్త దయగా ఉంటుంది. ఉమ్మడి ఆస్తి అయినా, ఎవరి జీతం మీద అజమాయిషీ వాళ్లది. భర్త పెళ్లికి ముందు తెచ్చుకున్న బాధ్యతలకు భార్య అజమాయిషీలో ఉన్న ఆస్తిని ముట్టుకోకూడదని టెక్సస్ ఫ్యామిలీ కోడ్ చెబుతుంది. కాలిఫోర్నియాలో అలా కాదు. అక్కడ ఉమ్మడి ఆస్తి మొత్తం ఇద్దరిలో ఎవరి పాత బాకీకైనా బాధ్యత వహిస్తుంది, పాత సంబంధం తాలూకు చైల్డ్ సపోర్ట్‌ను పెళ్లికి ముందు చేసిన అప్పుగానే చూస్తారు. భార్య తన జీతాన్ని భర్తకు ఏ హక్కూ లేని విడి ఖాతాలో, ఇంకే డబ్బుతోనూ కలపకుండా ఉంచుకుంటే ఆ జీతానికి రక్షణ ఉంది. ఉమ్మడి ఖాతాలో పడితే ఆ రక్షణ పోతుంది. కాబట్టి కాలిఫోర్నియాలోని ఫ్రీమాంట్‌లో ఉండే జంటకూ టెక్సస్‌లోని ఫ్రిస్కోలో ఉండే జంటకూ ఒకే జీతాలు, ఒకే బకాయి ఉన్నా, 8379 వేశాక చేతికొచ్చేది ఒకటి కాకపోవచ్చు. స్నేహితురాలికి ఇంత వచ్చింది కదా అని లెక్క వేసుకోవడం ఇక్కడ పనికిరాదు. ఈ తొమ్మిది రాష్ట్రాల్లో ఉన్నవాళ్లు ఇలాంటి కేసులు చేసిన సీపీఏనో (అకౌంటెంట్) ఎన్‌రోల్డ్ ఏజెంట్‌నో (ఐఆర్‌ఎస్ గుర్తింపు ఉన్న టాక్స్ నిపుణులు) ఒక్కసారి కలిస్తే ఆ ఫీజు దండగ కాదు.

విడిగా వేస్తే గొడవే ఉండదు కదా

ఉండదు, నిజమే. మ్యారీడ్ ఫైలింగ్ సెపరేట్‌లీ వేస్తే భార్య రిఫండ్ మీద భర్త నంబరే ఉండదు. కానీ అలా వేస్తే చదువు క్రెడిట్లు పోతాయి, స్టూడెంట్ లోన్ వడ్డీ మినహాయింపు పోతుంది, డేకేర్ క్రెడిట్ చాలావరకు పోతుంది, రాత్ ఐఆర్‌ఏలో (రిటైర్మెంట్ పొదుపు ఖాతా) డబ్బు వేసే అవకాశం 10,000 డాలర్ల ఆదాయం దగ్గరే ముగిసిపోతుంది. ఒకరి జీతం బాగా ఎక్కువ, ఇంకొకరిది బాగా తక్కువ ఉన్న ఇళ్లలో టాక్సే పెరగొచ్చు. ఉమ్మడి ఆస్తి రాష్ట్రాల్లో విడిగా వేసినా ఇద్దరి ఆదాయాన్నీ సగం సగం చూపాల్సి వస్తుంది, అంటే అనుకున్నంత విడిపోవడం కూడా ఉండదు. చాలా ఇళ్లలో జాయింట్‌గా వేసి 8379 జత చేయడమే లాభం. అయినా రెండు రకాలుగా లెక్క కట్టి చూసుకోవడానికి సాఫ్ట్‌వేర్‌లో అరగంట పడుతుంది, ఆ అరగంట పెట్టాలి. ఇంకొకటి గుర్తుంచుకోవాలి: విడిగా వేసినదాన్ని తర్వాత మూడేళ్లలోపు జాయింట్‌గా మార్చుకోవచ్చు, కానీ జాయింట్‌గా వేసినదాన్ని గడువు తేదీ దాటాక విడిగా మార్చుకోవడం కుదరదు. భర్త బకాయి సంగతి సరిగ్గా తెలియనప్పుడు ఏది ముందు వేయాలన్నది దీన్ని బట్టి ఆలోచించుకోవచ్చు.

అసలు రిఫండే ఎక్కువ రాకుండా చూసుకోవడం ఇంకో మార్గం. రిఫండ్ అంటే ఏడాది పొడవునా అవసరానికి మించి కట్టిన సొంత డబ్బు. పై ఉదాహరణలో భార్య జీతంలోంచి 9,000 బదులు 7,000 కోసేలా తన కంపెనీలో డబ్ల్యూ-4 (జీతంలోంచి టాక్సు ఎంత కోయాలో చెప్పే ఫారం) మార్చుకుంటే, ఆ రెండు వేలు నెలనెలా జీతంలోనే చేతికొస్తాయి, వెనక్కి తెచ్చుకునే పని చాలావరకు ఉండదు. ఇది చట్టబద్ధమే, ఆమె డబ్బు ఆమె ఎక్కువ కట్టడం మానేస్తోంది, అంతే. మరీ తగ్గిస్తే మాత్రం ఏప్రిల్‌లో టాక్స్ కట్టాల్సి వస్తుంది. ఆ కట్టాల్సింది 1,000 డాలర్లు దాటి, ఏడాదిలో కట్టినది ఆ ఏడాది టాక్సులో 90 శాతానికీ, పోయినేడాది టాక్సు మొత్తానికీ కూడా తక్కువైతే పెనాల్టీ పడొచ్చు. ఆదాయం 1,50,000 దాటినవాళ్లకు పోయినేడాది లెక్క 110 శాతం.

అవతలి ఇల్లు

ఇంతవరకూ చెప్పినదంతా కొత్త భార్య వైపు నుంచి. అవతల ఇంకో ఇల్లుంది, అందులో ఒక పిల్ల పెరుగుతోంది, ఆ పిల్ల ఫీజుకీ బూట్లకీ రావాల్సిన డబ్బే ఇది. రిఫండ్ పట్టుకోవడం క్రూరమైన పద్ధతి అనడం సరికాదు. నెలనెలా కట్టమంటే కట్టనివాళ్ల దగ్గర ఒకేసారి నాలుగైదు వేలు రాబట్టే సాధనం ఆ తల్లికి ఇంకొకటి దొరకడం కష్టం. అయితే జాయింట్ రిఫండ్ నుంచి వచ్చిన డబ్బు ఆమె చేతికి కూడా వెంటనే రాకపోవచ్చు. కొత్త భార్య 8379 వేసి తన వాటా అడుగుతుందేమో అని రాష్ట్ర ఏజెన్సీ ఆ డబ్బును ఆరు నెలల దాకా తన దగ్గరే ఆపి ఉంచొచ్చు. ముందే ఇచ్చేసి, తర్వాత ఐఆర్‌ఎస్ కొత్త భార్యకు తన వాటా చెల్లిస్తే, ఆ మేరకు రాష్ట్రం వెనక్కి కట్టాలి, బకాయి మళ్లీ పెరుగుతుంది, ఖర్చు పెట్టేసుకున్న డబ్బు కోసం పిల్ల తల్లిని అడిగే పరిస్థితి కూడా రావొచ్చు. కొత్త భార్య రిటర్న్‌తో పాటే ఫారం వేస్తే ఈ అయోమయం చాలావరకు తప్పుతుంది, రెండు ఇళ్లకూ ఎవరిది వాళ్లకు తొందరగా తేలుతుంది. ఈ కారణం చేత కూడా ముందే వేయడం మంచిది.

ఈ ఆఫ్‌సెట్ యంత్రాంగం తనంతట తాను ఎంత గుడ్డిగా పనిచేస్తుందో 2020లో అందరూ చూశారు. కోవిడ్ మొదటి విడత సాయం, మనిషికి 1,200 డాలర్ల దాకా, ఇంకే బాకీకీ పట్టుకోకూడదని చెప్పి ఒక్క చైల్డ్ సపోర్ట్‌కు మాత్రం పట్టుకోనిచ్చారు. రిటర్న్‌తో పాటు 8379 పద్ధతిగా వేసిన భార్యల వాటా కూడా అందులో కొట్టుకుపోయింది. ఆ ఆగస్టులో ఐఆర్‌ఎస్ తప్పు ఒప్పుకుని, దాదాపు 50,000 మందికి సెప్టెంబర్‌లో వాళ్ల వాటా చెక్కులు పంపుతామని చెప్పింది.

మనవాళ్లలో బకాయిలు పడే తీరు గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే అందరూ ఎగ్గొట్టాలనే ఉద్దేశంతో ఎగ్గొట్టరు. లేఆఫ్ అవుతుంది, హెచ్1బి మీద ఉన్నవాళ్లకు ఇంకో ఉద్యోగం చూసుకోవడానికి 60 రోజులే ఉంటాయి, ఆ టెన్షన్‌లో నెలవారీ చైల్డ్ సపోర్ట్ ఆగుతుంది. ఉద్యోగం పోయింది కదా, కోర్టుకు కూడా అర్థమవుతుందిలే అనుకుంటారు. కోర్టు దానంతట అది ఏమీ తగ్గించదు. 1986లో వచ్చిన బ్రాడ్లీ సవరణ ప్రకారం గడువు దాటిన ప్రతి నెల బాకీ తీర్పుతో సమానం, దాన్ని వెనక్కి వెళ్లి ఏ జడ్జీ తగ్గించలేరు. తగ్గించమని పిటిషన్ వేసి అవతలివాళ్లకు నోటీసు అందాకే, ఆ తేదీ నుంచే మార్పు వర్తిస్తుంది. లేఆఫ్ అయిన వారంలోనే పిటిషన్ వేసినవాడికీ ఎనిమిది నెలల తర్వాత వేసినవాడికీ మధ్య ఆ ఎనిమిది నెలల బకాయి మొత్తం తేడా, ఆ తేడాయే తర్వాత కొత్త భార్య రిఫండ్ మీదకు వస్తుంది. ఇంకొందరు ఏజెన్సీని పక్కన పెట్టి మాజీ భార్య ఖాతాకు నేరుగానో, ఇండియాలో ఆమె తల్లిదండ్రుల ఖాతాకో పంపుతారు. ఏజెన్సీ ద్వారా కట్టమని ఆర్డరు ఉన్నప్పుడు అలా పంపింది రికార్డులోకి ఎక్కదు, కట్టినా కట్టనట్టే బకాయి కనిపిస్తుంది, తర్వాత కోర్టులో నిరూపించుకోవాలి. పౌరసత్వం కోసం దరఖాస్తు పెట్టుకోబోయేవాళ్లకు ఇంకో చిక్కు కూడా ఉంది, పిల్లల పోషణ కావాలని వదిలేస్తే సత్ప్రవర్తన షరతు దగ్గరే దెబ్బ తగలొచ్చు.

ఇండియాలో ఫ్యామిలీ కోర్టు ఇచ్చిన మనోవర్తి ఆర్డరు మాత్రం దానంతట అది ఈ జాబితాలోకి ఎక్కదు. అమెరికాలో ఒక రాష్ట్ర ఏజెన్సీ కేసుగా తీసుకుని, బకాయి ఇంత అని ధ్రువీకరించి పంపితేనే రిఫండ్ ఆగుతుంది. పిల్లల పోషణ వసూలుకు దేశాల మధ్య ఉన్న 2007 హేగ్ ఒప్పందంలో భారతదేశం లేదు కాబట్టి, హైదరాబాద్‌లోనో విజయవాడలోనో పిల్లతో ఉంటున్న తల్లికి ఆ దారి ఇప్పటికీ కష్టంగానే ఉంది. విడాకులు అమెరికా కోర్టులో అయి, తిరిగి వచ్చేముందే అక్కడి ఏజెన్సీలో కేసు తెరిచి ఉంటే ఆమె పరిస్థితి చాలా మెరుగ్గా ఉంటుంది.

రాష్ట్ర ఇన్‌కమ్ టాక్స్ రిఫండ్ సంగతి వేరు. అక్కడా బకాయికి పట్టుకోవడం ఉంది, కానీ 8379 ఫెడరల్ రిఫండ్‌కే పనిచేస్తుంది. రాష్ట్ర రిఫండ్‌లో వాటా కోసం ఆ రాష్ట్ర పద్ధతి ఏదో కనుక్కుని విడిగా అడగాలి.

ఇప్పటికే ఒకటి రెండేళ్ల రిఫండ్లు పోగొట్టుకున్నవాళ్లు వదిలేయనక్కర్లేదు. అసలు రిటర్న్ గడువు నుంచి, ఎక్స్‌టెన్షన్ తీసుకుని ఉంటే అది కలుపుకుని, మూడేళ్ల లోపు, లేదా తర్వాత పట్టుకుపోయిన ఆ టాక్సు కట్టిన తేదీ నుంచి రెండేళ్ల లోపు, ఈ రెంటిలో ఏది తర్వాత వస్తే అప్పటిదాకా 8379 వేయొచ్చు. 2023 సంవత్సరపు రిటర్న్ గడువు మామూలుగా 2024 ఏప్రిల్ 15, అంటే దానికి 2027 ఏప్రిల్ 15 దాకా సమయం ఉంది. ఏడాదికో ఫారం చొప్పున, ఆ ఏడాది ఇద్దరి డబ్ల్యూ-2లు జత చేసి పంపాలి. భర్త డబ్ల్యూ-2 కాపీ చేతిలో లేకపోతే, జాయింట్ రిటర్న్ తనది కూడా కాబట్టి, టాక్స్ చేసిపెట్టినవాళ్ల దగ్గరున్న ఫైల్‌లోంచి ఆమె అడిగి తీసుకోవచ్చు.